ఉప్పునీళ్ళకి చెక్క పైపు

ఎండలు ముదిరితే మా కొట్టుకి రొయ్యల చెరువుల వాళ్ళ రాక ఎక్కువవుతుంది. విజయవాడ వన్‌టౌన్‌లో పైపులు, ఫిట్టింగుల వ్యాపారం మాది. కృత్తివెన్ను, నాగాయలంక, ఇటు నిజాంపట్నం దాకా రైతులు వస్తారు, క్రీకులోంచి ఉప్పునీళ్ళు తోడి చెరువుకి పెట్టుకోవడానికి ఏ సైజు పైపు కావాలి, ఎన్ని లెంగ్తులు పడతాయి, మోటారు ఎన్ని హెచ్‌పీ ఉండాలి అని మాట్లాడుకుని, బేరమాడి, టీ తాగి, ట్రక్కాటోలో ఎక్కించుకుని వెళ్తారు. ఈ మధ్య ఒక పెద్దాయన గోనెసంచి మడతలోంచి ఒక ఇనప వాల్వు తీసి కౌంటరు మీద పెట్టాడు. చూడ్డానికి వాల్వులాగే ఉంది గానీ బోల్టు మీద బొటనవేలు పెట్టి నొక్కితే తుప్పు రేకులు రేకులుగా ఊడి అద్దం మీద పడింది, లోపల మిగిలిన ఇనుము చీపురుపుల్ల మందం కూడా లేదు. చక్రం తిప్పబోతే చక్రమే చేతికొచ్చింది. "కొని ఎన్నాళ్ళూ కాలేదయ్యా" అన్నాడాయన. "ఉప్పునీళ్ళ దగ్గర ఇనుము నిలబడదు బాబాయ్ గారూ, ప్లాస్టిక్‌దే వేయించుకోండి" అని చెప్పి వేరేది ఇచ్చి పంపాను.

ఆ ముచ్చట మ్యూనిక్‌లో ఉంటున్న మా మేనల్లుడితో ఫోన్లో చెప్తే వాడు నవ్వి, "మామయ్యా, నీకో ఫొటో పంపిస్తా, ఇదేంటో చెప్పు చూద్దాం" అన్నాడు. చూస్తే ఒక చెట్టు మొద్దు. బెరడు తీసేసి ఉంది, నడిమధ్య నిలువునా బెజ్జం, ఒక కొస పెన్సిల్ చెక్కినట్టు చెక్కి ఉంది. ఎవరికేమనిపిస్తుందో గానీ పైపులమ్ముకునే వాడికి ఆ చెక్కిన కొస చూడగానే విషయం తెలిసిపోతుంది, అది ఇంకో దాంట్లోకి దూరాలి, అంటే ఇది పైపు. ఉప్పునీళ్ళ పైపట. ఇలాంటివి 13,000 మొద్దులు వరసగా కలిపి, కొండల పక్కన 40 కిలోమీటర్లు లైను వేశారట, అదీ 1607 నాటికి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, వ్యాపారం పిచ్చి అంటే ఇదే అని మా ఆవిడ తిట్టుకుంటూ లైటు ఆర్పేసింది.

ఊరి పేరు హాల్‌స్టాట్, ఆస్ట్రియాలో ఉంది. పేరు తెలియకపోయినా మీరు చూసే ఉంటారు, సరస్సు ఒడ్డున చెక్క ఇళ్ళు, వెనక నిటారుగా కొండ, మధ్యలో సూదిమొన లాంటి చర్చి గోపురం, యూరప్ టూరుకి వెళ్ళొచ్చిన మనవాళ్ళ వాట్సాప్ స్టేటస్‌లో సగం అదే ఉంటుంది. అందరూ సరస్సు వైపు తిరిగి ఫొటో దిగుతారు. అసలు సంగతి వెనకున్న కొండలో ఉంది. ఆ కొండ కడుపులో ఉప్పు ఉంది, వేల ఏళ్ళ నుంచీ తవ్వుతూనే ఉన్నారు, యూరప్‌లో ఇనుప యుగం తొలి దశకి చరిత్రకారులు ఈ ఊరి పేరే పెట్టుకున్నారంటే ఎంత పాత సంగతో అర్థం చేసుకోవచ్చు.

నీళ్ళు ఎత్తు మీద మోసుకెళ్ళే కట్టడం అంటే మన బుర్రలో మంచినీళ్ళే మెదుల్తాయి. కృష్ణా గోదావరి డెల్టాల్లో పుట్టిన వాళ్ళం, కాలువల మధ్యే పెరిగాం. కోనసీమలో పి.గన్నవరం అక్విడక్టు (మన ఎయిర్‌పోర్టు గన్నవరం అనుకునేరు, అది వేరు) గోదావరి పాయ మీదుగా కాలువని దాటిస్తుంది, 1850ల నాటి పాతదానికి 49 ఖానాలు. ఇక్కడ ఎనికెపాడు దగ్గరైతే తల్లకిందులు, ఏలూరు కాలువ పైన పోతుంటే బుడమేరు కిందనుంచి పోతుంది, 2024 వరదలప్పుడు ఆ అండర్ టన్నెల్ పేరు టీవీలో వినని వాళ్ళు ఉండరు. ఇవన్నీ పొలానికో, ఊరికో, వరద పోవడానికో కట్టినవి. తాగడానికీ పనికిరాని, పొలానికీ పనికిరాని, తగిలిన ఇనుమునల్లా తినేసే నీళ్ళని అంత దూరం అంత కష్టపడి ఎందుకు తీసుకెళ్ళారు అన్నదే నా అనుమానం.

జవాబు ఒక్క మాటలో కట్టెలు.

అక్కడి ఉప్పు మన కల్లుప్పులా తెల్లగా విడిగా దొరకదు, బంకమట్టిలో, రాతిలో కలిసిపోయి ఉంటుంది. దాన్ని తవ్వి, కొట్టి, ఏరుకుంటూ కూర్చోవడం కంటే వాళ్ళు ఇంకో దారి పట్టారు. కొండ లోపల గదులు తొలిచి అందులోకి మంచినీళ్ళు వదుల్తారు. నీళ్ళు గోడల్నీ పైకప్పునీ నెమ్మదిగా కరిగిస్తాయి, ఉప్పు నీళ్ళలో కలుస్తుంది, మట్టి అడుక్కి దిగుతుంది. ఇక ఉప్పు పట్టనంత చిక్కబడ్డాక ఆ నీళ్ళని కిందకి తోడేస్తారు. అలా వచ్చిన నీళ్ళలో లీటరుకి 300 గ్రాములకి పైనే ఉప్పు ఉంటుంది. మన సముద్రపు నీళ్ళలో లీటరుకి 35 గ్రాములు. తేడా తొమ్మిది రెట్లు!

ఇక్కడిదాకా బాగానే ఉంది. ఆ నీళ్ళని ఉప్పుగా మార్చడం ఎలా? మనమైతే ఎండలో పెడతాం. ఆల్ప్స్ కొండల్లో ఎండ ఎక్కడిది, వాన, మంచు, మబ్బు. అందుకే పెద్ద పెద్ద ఇనప పెనాల్లో పోసి కింద మంట పెట్టి కాచేవాళ్ళు. కాయితం పెన్ను తీసుకుని ఒకసారి లెక్క వేశాను. ఆ చిక్కటి నీళ్ళనుంచి కిలో ఉప్పు రావాలంటే మూడు లీటర్లకి కొంచెం తక్కువగా నీళ్ళు ఆవిరి కావాలి. పొయ్యిలో సగం వేడి వృథా పోతుందనుకుంటే కిలో ఉప్పుకి ఇంచుమించు కిలో ఎండు కట్టె. సముద్రపు నీళ్ళే కాయాల్సి వస్తే కిలో ఉప్పుకి 28 లీటర్లు ఆవిరి చెయ్యాలి, అప్పుడు అడవి సంగతి చెప్పక్కర్లేదు. ఒక ఊరు ఏళ్ళ తరబడి, రాజుగారి ఖజానా నిండేంత ఉప్పు కాస్తూ పోతే చుట్టుపక్కల కొండలు బోడిగుండ్లు కాక ఏమవుతాయి! హాల్‌స్టాట్‌లో అదే జరిగింది. కొండలో ఉప్పు తరగలేదు, కొండ మీద చెట్లు తరిగిపోయాయి.

కట్టెలు దూరం నుంచి మోసుకు రావాలా, ఉప్పునీళ్ళనే కట్టెలున్న చోటికి పంపాలా అన్న ప్రశ్న అప్పుడొచ్చింది. బరువు లెక్క చూస్తే మొదటిదే నయం అనిపిస్తుంది, ఎందుకంటే కిలో ఉప్పుకి కట్టె కిలో అయితే ఉప్పునీళ్ళు నాలుగు కిలోలకి దగ్గర. కానీ కట్టెకి కాళ్ళు లేవు, దాన్ని మనిషో గుర్రమో పడవో మొయ్యాలి, ఎత్తుకి మోస్తే ఇంకా కష్టం. నీళ్ళకి వాలు చూపిస్తే చాలు. మా భాషలో గ్రావిటీ లైను. ఒకసారి వేశాక కరెంటు బిల్లు లేదు, డీజిల్ లేదు, రాత్రీ పగలూ తేడా లేకుండా అదే పోతూ ఉంటుంది. ఈ ఒక్క ముక్క అర్థమైతే మిగతా కథంతా దానికదే విడిపోతుంది.

అలా 1595లో పని మొదలుపెట్టి 1607కి లైను పూర్తి చేశారు, రెండో రూడాల్ఫ్ చక్రవర్తి కాలంలో. పన్నెండేళ్ళు పట్టిందన్నమాట. చివర్లో ఉన్న ఊరు ఎబెన్‌జే, అక్కడ కొత్తగా ఉప్పు కాచే బట్టీలు పెట్టారు. ఆ ఊరినే ఎందుకు ఎంచుకున్నారో చూస్తే ముచ్చటేస్తుంది. చుట్టూ దట్టమైన అడవి, పైగా ఊరు ఇంకో పెద్ద సరస్సుకి దక్షిణం కొసన ఉంది, కాచిన ఉప్పుని పడవలకెత్తితే ఉత్తరం కొసనున్న గ్మున్‌డెన్ పట్నానికి చేరిపోతుంది. నీళ్ళు పైపులో వస్తాయి, కట్టెలు కొండ మీంచి దిగుతాయి, సరుకు పడవలో పోతుంది. హాల్‌స్టాట్ సరస్సు సముద్రమట్టానికి 508 మీటర్ల ఎత్తున ఉంది, ఎబెన్‌జే దగ్గరి సరస్సు 423. ఉప్పు గని సరస్సు కంటే ఇంకా చాలా పైన కాబట్టి చేతిలో వాలు దండిగా ఉంది. అయినా అది కొండల దేశం, వాలుందని ఊరికే దించుకుంటూ పోతే మధ్యలో లోయలొస్తాయి, అందుకని కొండ నడుము పట్టుకుని ఒంపులు తిరుగుతూ, ఎత్తు అనవసరంగా పోగొట్టుకోకుండా తీసుకెళ్ళారు. ఇప్పుడు ఎత్తుపల్లాలు కొలిచే టోటల్ స్టేషను, లేజరు చేతిలో ఉన్నా మన దగ్గర డ్రెయిన్లకి వాలు ఎలా కుదుర్తుందో ఒక వాన పడితే అందరికీ తెలుస్తుంది, నేను వేరే చెప్పక్కర్లేదు.

ఇక పైపు సంగతి, నాకు బాగా ఇష్టమైన భాగం. చెక్కే ఎందుకు? ఇనుము సంగతి పైన చూశారు కదా. సీసం బోలెడు ఖరీదు, పైగా విషం. చెక్కకి ఉప్పునీళ్ళంటే భయం లేదు, భయం లేకపోగా మేలు కూడా, ఉప్పు పట్టిన చెక్కలో బూజూ పురుగూ త్వరగా చేరవు, లోపల ఎప్పుడూ తడి ఉంటుంది కాబట్టి పగుళ్ళివ్వదు. ఆవకాయకి ఉప్పు ఏ పని చేస్తుందో ఆ మొద్దుకీ అదే చేసింది. స్ప్రూస్, ఫర్, లార్చ్ లాంటి నిటారుగా పెరిగే చెట్లు తెచ్చి, పొడుగాటి బరమాతో మనుషులు చేత్తో తిప్పుతూ ఆ కొస నుంచి ఈ కొసకి తొలిచేవాళ్ళు. పది అడుగుల మొద్దులో బరమా కొంచెం పక్కకి జరిగినా గోడ పల్చబడిపోతుంది, ఆ చెట్టు కట్టెల్లోకే. తొలిచిన పైపులు ఎండిపోయి బీటలివ్వకుండా వాడే దాకా నీళ్ళలోనే నానేసి ఉంచేవాళ్ళు. నేను గోడౌన్లో పీవీసీని ఎండ తగలకుండా పట్టా కప్పుకుంటే వాళ్ళు చెరువులో స్టాకు పెట్టుకున్నారు!

జాయింట్ల లెక్క చూస్తే గుండె ఆగుతుంది. 40 కిలోమీటర్లకి 13,000 మొద్దులు, ఒకే వరస అనుకుని భాగిస్తే ఒక్కోటి పది అడుగులు. మన పీవీసీ లెంగ్తు 20 అడుగులు, అందులో సగం. అంటే ప్రతి పది అడుగులకీ ఒక జాయింటు, అంత పొడుగునా. అతికించే సొల్యూషన్ లేదు, రబ్బరు రింగు లేదు, ఒక మొద్దు కొస చెక్కి ఇంకో మొద్దులోకి దిగ్గొట్టడం, నీళ్ళు తగిలి చెక్క ఉబ్బితే అదే సీలు. కారడం మాత్రం తప్పదు. లైను పొడుగునా మనుషులు నడుస్తూ చూసుకోవాలి, కుళ్ళిన మొద్దు పీకి కొత్తది వెయ్యాలి, లోపల జిప్సం లాంటివి గట్టిగా పేరుకుపోతే తీసి శుభ్రం చెయ్యాలి. అంటే కట్టెలు ఆదా చెయ్యడానికి వేసిన లైనుకే ఏటా కొత్త చెట్లు కావాలి. ఉప్పుతో ఆడే ఆటలో అడవికి ఎటుచూసినా నష్టమే.

ఆ లైను మొత్తానికీ తలమానికం గోసౌ వాగు మీద వంతెన. హాల్‌స్టాట్‌కి ఉత్తరంగా, గోసౌ వాగు వచ్చి సరస్సులో కలిసే చోట లోయ అడ్డం వస్తుంది. మొదట్లో పైపుని లోయలోకి దించి అవతల మళ్ళీ పైకెక్కించారు, నీళ్ళు తన మట్టం తాను వెతుక్కుంటాయి కాబట్టి అవతలి గట్టుకి ఎక్కుతాయి. సిద్ధాంతం బాగానే ఉంది గానీ లోయ అడుగున పైపు మీద పడే ప్రెషరు సంగతి? 1757లో యోహాన్ ష్పీల్‌బ్యుఖ్లర్ అనే ఆయన అక్కడ రాతి స్తంభాలు లేపి వంతెన కట్టాడు, పొడవు 133 మీటర్లు, ఎత్తు 43 మీటర్లు. ఆ 43 మీటర్లే పట్టుకుని లెక్కేద్దాం. మంచినీళ్ళయితే పది మీటర్లకి ఒక కేజీ ప్రెషరు (చదరపు సెంటీమీటరు మీద) చొప్పున నాలుగు కేజీల పైచిలుకు. చిక్కటి ఉప్పునీళ్ళు మంచినీళ్ళ కంటే 20 శాతం బరువు, కాబట్టి ఐదు కేజీలు దాటుతుంది. ఇవాళ ఎవరైనా నా దగ్గరికొచ్చి ఈ లెక్క చెప్తే నాలుగు కేజీల పైపు చూపించను, ఆరు కేజీలదే తీసుకోమంటాను. అలాంటి ప్రెషరుకి ఒకదాంట్లోకి ఒకటి దిగ్గొట్టిన చెక్క జాయింటు ఎన్నాళ్ళు ఓర్చుకుంటుంది? వంతెన కట్టాక ఆ బాధ తీరింది, పైపు లోయలోకి దిగకుండా పైపైనే మామూలు వాలులో దాటిపోయింది. అంత ఎత్తు స్తంభాలు కట్టింది ఒక సన్నటి పైపు కోసమా అని చూసేవాళ్ళకి విడ్డూరంగా ఉంటుంది, నన్నడిగితే ఆ డబ్బంతా జాయింట్ల ఖర్చులో రాబట్టుకుని ఉంటారు.

పక్క రాజ్యం బవేరియాలో ఇదే కథ, కాస్త మొండిగా నడిచింది. రైఖెన్‌హాల్‌లో ఉప్పునీటి ఊటలున్నాయి, కట్టెలేమో ట్రౌన్‌స్టైన్ వైపు ఉన్నాయి. మధ్యలో 31 కిలోమీటర్లు, చిక్కేమిటంటే దారిలో పైకెక్కాలి. హాన్స్ రైఫెన్‌ష్టూల్, ఆయన కొడుకు కలిసి 1617 నుంచి 1619 లోపు లైను వేసేశారు, దారి పొడుగునా ఏడు పంపు ఇళ్ళు, ప్రతి దాంట్లో నీటి చక్రం, ఆ చక్రం తిరిగితే పిస్టను పంపు ఆడి ఉప్పునీళ్ళని పై మెట్టుకి తోస్తుంది. అంతా కలిపి 260 మీటర్ల దాకా ఎత్తు. వాగు నీళ్ళు పని చేస్తే ఉప్పునీళ్ళు కొండెక్కాయి. తర్వాత రెండొందల ఏళ్ళకి గియోర్గ్ ఫొన్ రైఖెన్‌బాక్ అనే ఇంజినీరు వచ్చి లైనుని 1810లో రోజెన్‌హైమ్ దాకా పొడిగించాడు, 1817లో బెర్క్టెస్‌గాడెన్ గని నుంచి రైఖెన్‌హాల్‌కి ఇంకో లైను వేశాడు. ఆ లైనులో ఇల్‌జాంక్ అనే చోట ఆయన పెట్టిన యంత్రం ఒకే ఊపులో ఉప్పునీళ్ళని 356 మీటర్లు ఎత్తింది. మన ఇంద్రకీలాద్రి ఎక్కి దిగిన వాళ్ళెవరైనా ఆ అంకె ఒకసారి మనసులో ఊహించుకోండి. ఆవిరి లేదు, బొగ్గు లేదు, పై నుంచి పైపులో దిగిన మంచినీళ్ళ బరువే పిస్టన్ని నొక్కి ఇవతల ఉప్పునీళ్ళని పైకి తోస్తుంది. 1927 దాకా పని చేసిందది. మోటారు రీవైండింగ్‌కి ఇస్తే ఆర్నెల్లు గ్యారంటీ ఇవ్వడానికి మెకానిక్కులు నసుగుతారు మా బజార్లో.

ఫ్రాన్స్‌ది ఇంకో రకం. సలాన్ అనే ఊళ్ళో ఉప్పునీళ్ళు, షో అడవి పక్కన కట్టెలు, మధ్య 21 కిలోమీటర్లు, చెక్క పైపులు. 1775 నుంచి 1779 దాకా క్లోద్ నికొలా లెదూ అనే వాస్తుశిల్పి ఆర్క్-ఎ-సెనాన్‌లో రాజుగారి ఉప్పు కర్మాగారం కట్టాడు, అర్ధచంద్రాకారంలో బారులు తీరిన భవనాలు, మధ్యలో డైరెక్టరు ఇల్లు, స్తంభాలతో గుడి మాదిరి. 1982 నుంచి అది యునెస్కో జాబితాలో ఉంది. కట్టడం చూడ్డానికి రెండు కళ్ళూ చాలవు గానీ పైపు మాత్రం ఘోరం, దారిలో మూడో వంతుకి దగ్గరగా నీళ్ళు కారిపోయేవట. నీళ్ళు కూడా పల్చనివి. అందుకని ముందు ముళ్ళకంపలు ఎత్తుగా పేర్చి పై నుంచి నీళ్ళు బొట్లు బొట్లుగా కార్చేవాళ్ళు, గాలికి కొంత తడి ఎగిరిపోయి చిక్కబడ్డాకే పొయ్యి మీదకి ఎక్కించేవాళ్ళు. ఎండ లేని దేశం గాలిని పట్టుకుని ఎండ పని చేయించుకుంది.

ఆ పైపు వెంట కాపలా కూడా ఉండేది. కారే నీళ్ళని కుండలో పట్టుకెళ్ళి ఇంట్లో కాచుకుంటే ఉప్పు, ఆ ఉప్పు మీద రాజుకి పన్ను రాదు, ఇదీ వాళ్ళ భయం. ఫ్రాన్స్‌లో ఉప్పు పన్ను జనాన్ని ఎంత పీడించిందంటే విప్లవం వచ్చీ రాగానే 1790లో దాన్ని ఎత్తేశారు (నెపోలియన్ మళ్ళీ తెచ్చాడనుకోండి, అది వేరే కథ). ఇది చదువుతుంటే మనవాళ్ళకి ఏం గుర్తొస్తుందో వేరే చెప్పాలా? గాంధీగారు దండిలో ఉప్పు చట్టం ధిక్కరించింది 1930 ఏప్రిల్ 6. మన వైపు టంగుటూరి ప్రకాశం పంతులు గారు దేవరంపాడులో శిబిరం పెట్టారు. ఇప్పుడది ప్రకాశం జిల్లా గానీ ఆ రోజుల్లో ఒంగోలు తాలూకా గుంటూరు జిల్లాలోదే, ప్రకాశం జిల్లా పుట్టింది 1970లో. అక్కడ పైపులో కారే నీళ్ళకి కాపలా పెట్టారు, ఇక్కడ ఏకంగా సముద్రానికే కాపలా పెట్టారు. సముద్రం ఒడ్డున పుట్టి, దోసెడు నీళ్ళు ఎండబెట్టుకుంటే నేరం అనడం కంటే దుర్మార్గం ఇంకేముంటుంది.

మన ఉప్పు సంగతికే వద్దాం. చీరాల దాటి చినగంజాం వైపు రైల్లో వెళ్ళిన వాళ్ళకి ఉప్పు కొటార్లు తెలుసు, కిటికీలోంచి చూస్తే చదునుగా మళ్ళు, గట్ల మీద తెల్లటి కుప్పలు, మిట్టమధ్యాహ్నం అటు చూడలేం, కళ్ళు జిగేల్‌మంటాయి. అక్కడ పెనం లేదు, కట్టె లేదు. ఉప్పునీళ్ళని ఒక మడిలో పెట్టి, కొంత చిక్కబడ్డాక పక్క మడిలోకి, ఇంకా చిక్కబడ్డాక ఇంకో దాంట్లోకి వదులుకుంటూ వెళ్తారు, నీళ్ళ చిక్కదనం కొలిచే బామే మీటరు పెట్టి చూస్తే 25 డిగ్రీల దగ్గర ఉప్పు పలుకులు కట్టడం మొదలవుతుంది. 30 దాకా ఆగితే చేదు లవణాలు కూడా దిగుతాయి కాబట్టి అంతకు ముందే మిగిలిన నీళ్ళు తీసేస్తారు. హాల్‌స్టాట్ కొండ కరిగి ఇచ్చిన చిక్కదనాన్ని ఇక్కడ సూర్యుడు ఇస్తాడు. ఆ తర్వాత పొయ్యి పని కూడా ఆయనే చేస్తాడు. అందుకే మన తీరంలో ఉప్పునీళ్ళకి అక్విడక్టు అవసరం రాలేదు, నీళ్ళని తీసుకెళ్ళాల్సిన దూరం క్రీకు నుంచి మడి దాకానే.

ఎండ ఊరికే ఇస్తుంది కదా అని ఉప్పు రైతు బతుకు తేలిక అనుకోకండి. ఆస్ట్రియా వాడికి పైన రేకుల కప్పుంది, వాన పడ్డా పొయ్యి ఆరదు. మన దగ్గర వేసవిలో ఒక్క గాలివాన చాలు, మడిలో పండిన ఉప్పు పండినట్టే కరిగి పోతుంది, మళ్ళీ మొదటి మడి నుంచి మొదలుపెట్టుకోవాలి. కాళ్ళు రోజంతా ఆ నీళ్ళలోనే, చిన్న గాయమున్నా ఎంత మండుతుందో పచ్చడి కలిపే ఆడవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఇంత చేస్తే కొటారు దగ్గర రైతుకి దక్కే ధర, అదే ఉప్పు అయొడిన్ కలిపి కవర్లో ప్యాక్ అయ్యాక మా కిరాణా కొట్లో పలికే ధర చూస్తే ఒళ్ళు మండుతుంది.

మనకీ ఉప్పుకి నీటి దారి ఒకటుండేది, బకింగ్‌హాం కాలువ. ఇటు కృష్ణా డెల్టా నుంచి కొమ్మమూరు కాలువ పెదగంజాం దగ్గర దాంట్లో కలుస్తుంది, అక్కడి నుంచి తీరం వెంబడే మద్రాసు దాకా, ఆ పైకి కూడా. మనుషులు గట్టు మీద తాడు పట్టుకుని లాగే పడవల్లో ఉప్పు బస్తాలు పోయేవి, ఉప్పుతో పాటు వంటచెరుకు కూడా పోయేది. ఆల్ప్స్‌లో ఒకదాన్ని వెతుక్కుంటూ ఒకటి వెళ్ళిన ఉప్పూ కట్టే ఇక్కడ ఒకే కాలువలో పక్కపక్క పడవల్లో ప్రయాణం చేశాయి, రెండిటికీ పరస్పరం పనే లేదు, రెండూ మద్రాసు వంటిళ్ళకే.

అక్కడ ఆస్ట్రియాలో కట్టెల యుగం ఎప్పుడు పోయిందంటే 1877లో ఆ లోయలోకి రైలు వచ్చాక. రైలుతో బొగ్గు వస్తుంది, బొగ్గు వచ్చాక అడవి పక్కనే ఉండాల్సిన పని లేదు. లెక్క ప్రకారం అప్పుడే పైపు మూలపడాలి. పడలేదు. బట్టీలు, మనుషులు, పడవలు, సరస్సు అన్నీ ఎబెన్‌జేలోనే స్థిరపడిపోయాయి, నీళ్ళు వాటంతటవే వస్తుంటే ఎవరు మాన్పిస్తారు? చెక్క మొద్దులు పోయాయి, కొత్త రకం పైపులొచ్చాయి, ఇప్పటికీ హాల్‌స్టాట్ కొండలోంచి ఉప్పునీళ్ళు ఎబెన్‌జే ఫ్యాక్టరీకి పైపులోనే వెళ్తున్నాయి. ప్రపంచంలో ఇంకా పని చేస్తున్న అతి పాత పైపులైను ఇదేనని వాళ్ళు గర్వంగా చెప్పుకుంటారు. పైపు మారింది కదా, పాతదని ఎలా అంటారని మా మేనల్లుడి వాదన. లైను అంటే పైపు ఒక్కటే అయితే వాడి మాట నిజమే. నా లెక్కలో లైను అంటే ముందు లెవెలు, ఆ తర్వాత దారి, పైపు ఆఖరున. ఆ రెండూ చాలామటుకు 1607 నాటివే.

పాత లైను వెంట ఇప్పుడు నడకదారి ఉంది, కొండ అంచున చెట్ల మధ్య పోతుంది, మావాడు వచ్చే నెల సెలవు పెట్టి వెళ్తానన్నాడు. చదివేవాళ్ళలో ఎవరైనా అటు టూరుకి వెళ్తే ఊళ్ళో ఐస్‌క్రీం తిని బస్సెక్కేయకుండా గోసౌ వాగు దాకా వెళ్ళండి. వంతెన ఫొటో తీస్తే నాకు పంపండి, సెల్ఫీలొద్దు, పైపు స్తంభం మీద ఎలా కూర్చుందో, జాయింటు దగ్గర ఏం బిగించారో కనిపించేలా దగ్గర్నుంచి తీయండి. మ్యూజియంలో పాత చెక్క పైపు ఉంటే దాని బెజ్జం పక్కన మీ అరచెయ్యి పెట్టి తీయండి, సైజు తెలుస్తుంది. మూడంగుళాలా, నాలుగా అన్నదాని మీద ఇక్కడ మా బజార్లో ఇప్పటికే పందేలు నడుస్తున్నాయి.